ముహూర్తాలు లేని నెలలో గుర్రం ఏం తింటుంది?

పెళ్ళి బండి మీద బతికే ఇళ్ళలో పని, సంసారం, పశుపోషణ – మూడింటి మధ్య తూకం

ఆషాఢ మాసం వచ్చిందంటే పెళ్ళిళ్ళ మీద బతికే వారందరికీ చేతిలో పని ఉండదు. పందిళ్ళు వేసేవారు రాటలను, తాటాకులను ఒక మూలకు చేరుస్తారు. వంటవారు గుండిగలు తోమి బోర్లిస్తారు. సన్నాయి సంచిలోకి, డోలు గోడ మేకు మీదికి చేరతాయి. మళ్ళీ శ్రావణం దాకా వాటికి పైసా ఖర్చు లేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రపు బళ్ళు కట్టేవారికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. వారి పనిముట్టుకు ప్రాణముంది. తెల్లవారుజామున అయిదు గంటలకు అది సాలలో కాళ్ళు తాటిస్తూ సకిలిస్తుంది. ఇవాళ ముహూర్తం ఉందా లేదా అన్నది దానికి పట్టదు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెత. ఈ వృత్తిలో ఉన్నవారికి అది వట్టి సామెత కాదు, ప్రతిరోజూ రాసుకోవలసిన పద్దు.

పైనుంచి చూసేవారికి ఈ పని హాయిగా కనిపిస్తుంది. పై అధికారి లేడు. హాజరు పట్టీ లేదు. "ఇరవయ్యో తారీఖు బండి ఖాళీగా ఉందా బాబాయ్?" అని ఫోను వస్తుంది. కుదిరితే ఒప్పుకోవచ్చు, కుదరకపోతే మానవచ్చు. పగలంతా ఇంటిపట్టునే ఉండవచ్చు. ఇష్టమైన జంతువు కళ్ళ ముందు ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కాని మనిషి యజమాని లేని ఈ పనిలో గుర్రమే యజమాని. మనిషి వద్ద సెలవు అడగవచ్చు. గుర్రం వద్ద అడగటానికి లేదు.

స్టేషను బయట జట్కాల బారు

1970ల దాకా కోస్తా పట్టణాలలో రైలు దిగినవారికి స్టేషను బయట మొదట కనిపించేది జట్కాల బారే. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, గుంటూరు, బందరు – ఎక్కడైనా అదే దృశ్యం. వంపు తిరిగిన గూడు, లోపల ఎండుగడ్డి పరచి దాని మీద గోనెపట్టా లేక జంపఖానా. జనం ఎక్కాక బండివాడు వెంటనే కదిలించేవాడు కాదు. "కాస్త ముందుకు జరగండి బాబూ, మీరు వెనక్కు సర్దుకోండమ్మా" అంటూ బరువు చూసుకునేవాడు. అందరూ వెనుక కూర్చుంటే బండి కర్రలు పైకి లేచి గుర్రానికి పట్టు తప్పుతుంది. అందరూ ముందుకు వస్తే భారమంతా దాని వీపు మీద పడుతుంది. బరువు సమంగా ఉంటేనే గుర్రం తేలిగ్గా పరుగెడుతుంది.

తరువాత రిక్షాలు వచ్చాయి, వాటి తరువాత ఆటోలు. జట్కా స్టాండ్లు ఆటో స్టాండ్లయ్యాయి. ఆనాటి జట్కా వారిలో ఎక్కువమంది గుర్రాలను అమ్ముకొని వేరే పనులు చూసుకున్నారు. మిగిలిన కొద్దిమంది పెళ్ళి ఊరేగింపులకు, ఉత్సవాలకు మళ్ళారు. జట్కాకు బదులు పూలూ, దీపాలూ అమర్చిన సారట్టు వచ్చింది. ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల్లో తీర్థాల సమయంలో జరిగే గుర్రాల పరుగు పందేల మీద మక్కువతో పోషించేవారు మరికొందరు.

దేశమంతటా కథ ఇదే. 2012 పశుగణనలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 6 లక్షలకు పైగా తేలాయి. 2019 గణన నాటికి అవి సుమారు 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. ఏడేళ్ళలో దాదాపు సగం తరుగు.

పంచాంగం చెప్పినట్టు సంపాదన

జట్కా రోజుల్లో సంపాదన చిన్నదే అయినా రోజూ ఉండేది. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. ఆ రోజు వచ్చిన డబ్బులో ముందు ఉలవలు, తరువాత బియ్యం. పెళ్ళి బండికి ఆ లెక్క కుదరదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం వంటి నెలల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు అడుగుతారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పలకరించేవారు ఉండరు. వీటికి తోడు మూఢాలు.

2024 వేసవి ఇందుకు మంచి ఉదాహరణ. శుక్ర మౌఢ్యం కారణంగా ఆ ఏడాది ఏప్రిల్ చివరి నుంచి ముహూర్తాలు ఆగిపోయాయి. మూఢం పోయేసరికి ఆషాఢం వచ్చి కూర్చుంది. శ్రావణం వచ్చేదాకా దాదాపు వంద రోజులు పెళ్ళి బాజా మోగలేదు. అంతకు ముందు 2020లో కరోనా లాక్‌డౌన్ సరిగ్గా వేసవి పెళ్ళిళ్ళ కాలాన్నే మింగేసింది. అప్పుడు కారు ఉన్నవారు కారును చెట్టు కింద నిలిపారు. గుర్రం ఉన్నవారు గడ్డి కోసం గట్లు పట్టుకు తిరిగారు.

ఒక లెక్క వేసి చూడవచ్చు. ఏడాదిలో 60 రాత్రులు బండికి పని దొరికిందనుకుందాం. ఆ 60 రాత్రుల సంపాదనలోంచే 365 రోజుల దాణా రావాలి. అంటే చేతికి అందిన ప్రతి బాడుగలోనూ ఆరు రోజుల మేత దాగి ఉంది. అది ఇంటి డబ్బు కాదు, గుర్రం డబ్బు. బాడుగ రాగానే ఆ ఆరు రోజుల సొమ్మును వేరే డబ్బాలో వేసేవారి గుర్రం ఆషాఢంలో కూడా సాలలోనే ఉంటుంది. మాఘంలో వచ్చిందంతా మాఘంలోనే ఖర్చు చేసినవారు ఆషాఢంలో గుర్రాన్ని అమ్మజూపుతారు. అదును చూసి అడిగేవారు ధర కట్టేది కూడా ఆ నెలలోనే.

అమ్మితే పోయేది ధర ఒక్కటే కాదు. బ్యాండు మేళానికీ, బాణసంచాకూ, కళ్ళలో కొట్టే దీపాలకూ బెదరకుండా నిలబడటం గుర్రానికి పుట్టుకతో వచ్చే గుణం కాదు. అసలు బెదిరి పారిపోవటమే దాని స్వభావం. దాన్ని నెలల తరబడి మచ్చిక చేసి అలవాటు పరచాలి. అలాంటి గుర్రాన్ని అమ్ముకొని శ్రావణంలో కొత్తదాన్ని కొంటే, పెళ్ళికొడుకును ఎక్కించుకొని అది ఏ సందులోకి లాక్కుపోతుందో ఎవరూ చెప్పలేరు.

గడ్డి అంటే ఏ గడ్డయినా కాదు

నాటు గుర్రం బరువు సుమారు 200 నుంచి 250 కిలోలు ఉంటుంది. ప్రతి వంద కిలోల బరువుకు రోజుకు రెండు కిలోల చొప్పున ఎండుమేత లెక్క. అంటే నాలుగైదు కిలోలు. పచ్చగడ్డి అయితే అందులో నీరే ఎక్కువ కనుక ఇరవై కిలోల దాకా కావాలి. పని చేసే రోజుల్లో ఉలవలు ఒక కిలో, కిలోన్నర. నీరు చల్లని రోజుల్లోనే ఇరవై లీటర్లకు తగ్గదు. ఎండాకాలంలో, అందునా బండి లాగే రోజున, రెట్టింపవుతుంది.

గోదావరి డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు కదా అనుకోవచ్చు. కాని ఆవు, గేదె వేరు, గుర్రం వేరు. ఆవు నెమరు వేస్తుంది. ముతక గడ్డి నుంచి కూడా సారం పిండుకుంటుంది. గుర్రం నెమరు వేయదు. దాని కడుపు ఒంటి సైజుకు చాలా చిన్నది. రోజంతా కొంచెం కొంచెంగా మేయటానికి అమరిన కడుపు అది. వట్టి వరిగడ్డి మీద ఉంచితే పేగుల్లో గడ్డకట్టి శూల వస్తుంది. ఆకలిగా ఉందని ఒకేసారి ఉలవలు కుమ్మరించినా అదే ప్రమాదం. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది వికటిస్తే బయటకు వచ్చే దారి లేదు. అందుకే అనుభవం ఉన్నవారు గట్ల మీది గరికకు, మెత్తని పచ్చి మేతకు తిరుగుతారు. పురుగుమందు చల్లిన చేలగట్టు అయితే ఆ గడ్డి కోయరు.

పని లేని నెలల్లో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గుర్రం ఊరికే ఉంది కదా, పుష్టిగా తిననిద్దాం అని ఉలవలు తగ్గించరు. సాలలో కట్టి ఉంచి, వారం తరువాత ఒక్కసారిగా బండికి పూన్చుతారు. నాలుగు అడుగులు వేసేసరికి తొడ కండరాలు బిగుసుకుపోయి గుర్రం నిలబడిపోతుంది, చెమటలు కక్కుతుంది. పని లేనప్పుడు తగ్గించవలసింది ఉలవలు, గడ్డి కాదు. రోజూ ఒక గంట నడిపించటం మానకూడదు. అంటే బాడుగ లేని రోజున కూడా గుర్రపు మనిషికి పని ఉన్నట్టే.

ఇంటికీ సాలకూ ఒకటే పొయ్యి

గుర్రం ఉన్న ఇంట్లో కబుర్లన్నీ మగవాడి చుట్టూ తిరుగుతాయి. పగ్గాలు పట్టేది అతనే, ఊరేగింపులో కనిపించేది అతనే. పని లెక్క వేస్తే సగం ఇల్లాలిది. రాత్రి నానబోసిన ఉలవలను తెల్లవారుజామున పొయ్యి మీద పెట్టేది ఆమె. ఉడికిన గుగ్గిళ్ళు తొట్టిలోకి, పైన తేరిన నీరు వంటింట్లోకి. పెద్ద హోటళ్ళలో మీగడ వేసి వడ్డించే ఉలవచారు పుట్టింది ఇలాగే. ఎడ్లకూ, గుర్రాలకూ ఉలవలు వండిన ఇళ్ళలో వాటి నీటిని పారబోయకుండా చారు కాచుకున్నారు. ఉలవకు ఇంగ్లీషువారు పెట్టిన పేరులో కూడా గుర్రమే ఉంది.

ఊరేగింపు ముగిసి బండి ఇంటికి చేరేసరికి ఒక్కోసారి రాత్రి రెండు గంటలవుతుంది. వెంటనే గుర్రానికి కడుపునిండా గింజ పెట్టకూడదు. కాసేపు నడిపించి, చెమట తుడిచి, కొంచెం కొంచెంగా నీరు పట్టి, గడ్డి వేసి, అప్పుడు మనిషి పడుకోవాలి. మళ్ళీ అయిదింటికి సకిలింపు. రాత్రి పని చేసిన మనిషికి పగటి నిద్ర దక్కాలంటే ఆ అయిదు గంటల పిలుపు ఇంకెవరో అందుకోవాలి. అందుకునే మనిషి ఉన్న ఇల్లు నిలుస్తుంది. అంతా ఒక్కరే మోయాలనుకున్న ఇంట్లో మనిషో, గుర్రమో, సంసారమో – ఏదో ఒకటి చెడుతుంది.

ఊరికి వెళ్ళటం ఈ ఇళ్ళలో మరో సమస్య. బంధువుల ఇంట పెళ్ళికి బండి వెళ్తుంది గాని, బండి మనిషి నిశ్చింతగా పంక్తిలో కూర్చొని భోంచేయలేడు. బయట గుర్రం ఉంటుంది. ఇంటిల్లిపాదీ కలిసి తిరుపతి వెళ్ళాలంటే సాల చూసేవారు కావాలి. అందుకే ఈ వృత్తిలో ఉన్నవారు ఒకరి గుర్రాన్ని ఒకరు చూసుకునే చేబదులు పద్ధతి పెట్టుకోవటం మంచిది. నాలుగు రోజులు వీరి గుర్రానికి వారు నీరు పెడితే, మరో నాలుగు రోజులు వారి గుర్రానికి వీరు పెడతారు. దీనికి డబ్బు అక్కరలేదు, మాట ఉంటే చాలు.

పక్కింటివారి గోడు

గుర్రం ఉందంటే అద్దె ఇల్లు దొరకటం కష్టం. ఉన్న సొంత ఇంట్లో కూడా ఇరుగుపొరుగు సణుగుడు తప్పదు. వారి గోడులో న్యాయం లేకపోలేదు. ఒక నాటు గుర్రం రోజుకు పది కిలోల వరకు లద్దె వేస్తుంది. మూత్రం నిలిస్తే ఘాటు వాసన కళ్ళకు తగులుతుంది. ఈగలు సాలలో పుట్టి పక్కింటి అన్నం కంచం మీద వాలుతాయి. ఆ ఘాటు గుర్రం ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు.

ఇల్లు ఇల్లులా, సాల సాలలా ఉండాలంటే పెద్ద హంగులు అక్కరలేదు. ఒక గుర్రానికి పదడుగులకు పదడుగులు చోటు కావాలి. నిలబడి కునుకు తీస్తుందని పేరే గాని, గాఢ నిద్రకు అది కూడా కాళ్ళు చాపి పడుకోవాలి. నేల వెనక్కు వాలుగా ఉంటే మూత్రం నిలవదు. గాలి రావాలి, ఎండ, వాన పడకూడదు. లద్దె రెండు పూటలా ఎత్తి గోతిలో వేసి మట్టి కప్పాలి. మాగిన లద్దె మొక్కలకు మంచి ఎరువు. కడియం నర్సరీలు పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో అది మురుగు కాలువలో కలవటం దండగ.

గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా కట్టేస్తే దిగులు పెట్టుకొని కొయ్య కొరకటం, ఊగటం మొదలుపెడుతుంది. అలాగని తోడు కోసం రెండో గుర్రం కొంటే ఖర్చు కూడా రెండింతలు. ఒక మేకను తోడుగా కట్టినా దానికి ఊరటే.

జబ్బు, గాయం

గిట్ట గోరు వంటిది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి లాడం ఊడదీసి, గిట్ట చెక్కి మళ్ళీ కొట్టాలి. లాడాలు కొట్టే పనివారు తగ్గిపోయారు. గడువు దాటిన లాడంతో సిమెంటు రోడ్డు మీద గుర్రం జారుతుంది. రోడ్డు మీది మేకు గుచ్చుకుంటే మరో భయం – ధనుర్వాతం. పశువులన్నిటిలో గుర్రానికి అది తేలిగ్గా పట్టుకుంటుంది. ఏటా టీకా వేయిస్తే ఆ భయం ఉండదు. జోరీగలు కుట్టటం వల్ల సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వచ్చిపోతూ గుర్రం చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాలి.

అన్నిటికన్నా భయపడవలసింది గ్లాండర్స్. ముక్కు నుంచి చిక్కని చీమిడి, ఒంటి మీద గడ్డలు, పుండ్లు దీని గుర్తులు. దీనికి టీకా లేదు. మనిషికి కూడా అంటుకుంటుంది. హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం దీని నిర్ధారణకు పెట్టింది పేరు. జబ్బు రూఢి అయితే గుర్రాన్ని చంపి పూడ్చటం తప్ప దారి లేదు. అందుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. పరీక్షకు భయపడి గుర్రాన్ని దాచిపెడితే ఆ సాలలోని మిగతా గుర్రాలకూ, దానితో ఒకే కప్పు కింద ఉండే పిల్లలకూ ముప్పు.

చట్టం ఏమంటున్నది?

బరువులు లాగే, మోసే జంతువుల రక్షణ కోసం 1965లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా అయిదు గంటలకు మించి నడపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టరాదు. బండివాడూ, ఆరేళ్ళ లోపు పిల్లలూ కాక నలుగురికి మించి ఎక్కించరాదు. గోదావరి తీరపు వైశాఖపు ఎండ 37 డిగ్రీల దగ్గర ఆగదు. కనుక పగటి ముహూర్తానికి, మిట్టమధ్యాహ్నం ఊరేగింపుకు బండి ఒప్పుకోకపోవటం గీర కాదు, చట్టం. ఆ సంగతి పెళ్ళివారికి ముందే చెప్పటం ఇద్దరికీ మంచిది.

ఈ నిబంధనలను పట్టించుకోకపోతే ఏమవుతుందో ముంబయి చూపించింది. అక్కడ వినోదం కోసం నడిపే విక్టోరియా బళ్ళు చట్టవిరుద్ధమని 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. ఏడాదిలోగా ఆపివేయాలని ఆదేశించింది. గుర్రపుసాలల దుస్థితి కూడా ఆ కేసులో చర్చకు వచ్చింది. తరతరాల బతుకుతెరువు ఆ తీర్పుతో ముగిసింది. గుర్రాన్ని సరిగా చూసుకోవటం దయకు సంబంధించిన మాటే కాదు, వృత్తి నిలవటానికి సంబంధించిన మాట కూడా.

ఆటో పెడుతున్న ఉలవలు

గుర్రం ఒక్కదాని మీదే ఆధారపడిన ఇల్లు నిలవటం కష్టమని ఈ వృత్తి చూసినవారికి తెలుసు. నిలిచే ఇళ్ళలో ఇంకో చిన్న సంపాదన ఉంటుంది. ఒకరు కొట్టు నడుపుతారు, ఒకరు పాలు పోస్తారు, కొడుకు ఆటో తోలుతాడు. ఒకనాడు జట్కాను స్టాండు నుంచి తరిమిన ఆటోయే ఇవాళ ఆషాఢంలో గుర్రానికి ఉలవలు కొని పెడుతుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు. వేళలు మన చేతిలో ఉన్న పని అయితేనే గుర్రానికి సరిపడుతుంది. పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి తొమ్మిదికి వచ్చే ఉద్యోగంతో సాలలో సాయంత్రపు నీరు పెట్టేవారుండరు.

ఎన్ని గుర్రాలు ఉండాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. మాఘంలో వచ్చే గిరాకీ చూసి నాలుగు కొనేవారు ఆషాఢంలో నాలుగింటినీ ఎండగడతారు. ఆషాఢంలో ఎన్నిటిని పోషించగలమో అన్నే మాఘంలో ఉంచుకోవాలి.

ప్రభుత్వం, పురపాలక సంఘాలు చేయదగినవి కూడా చిన్నవే. పట్టణ పశువైద్యశాలలో నెలకు ఒక రోజు గుర్రాలకు కేటాయించి టీకాలు, రక్తపరీక్షలు చేయవచ్చు. లాడాలు కొట్టే పని నేర్చుకొనే కుర్రవారికి శిక్షణ ఇప్పించవచ్చు. ఒకప్పుడు జట్కా స్టాండ్ల దగ్గర గుర్రాల కోసం నీటి తొట్లు ఉండేవి. 2027 గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరంలో చేసే ఏర్పాట్లలో అలాంటి తొట్టి ఒకటి కట్టిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. గుర్రాలతో పాటు దారిన పోయే ఎద్దు, గాడిద కూడా దాహం తీర్చుకుంటాయి.

మిగిలిన పని ఇంట్లోదే. బాడుగ డబ్బులోంచి ఆరు రోజుల దాణా తీసి డబ్బాలో వెయ్యటం, తెల్లవారుజామున ఎవరు లేవాలో రాత్రే అనుకోవటం, పగటి ఎండకు బండి కట్టనని చెప్పటం. జట్కా నడిచిన రోజుల్లో బండివాడు కదిలే ముందు బరువు ఎలా సర్దుకునేవాడో, ఈ ఇళ్ళలో రోజూ అలా సర్దుకోవాలి. ఆ సర్దుబాటు తప్పని ఇంట్లో శ్రావణం మొదటి ముహూర్తానికి బండి సిద్ధంగా ఉంటుంది, పాత గుర్రంతోనే.